మగ్గం గుంత మీద గాజు తొట్టి

మొన్నొక రోజు పెనుకొండలో మా ఇంటి స్నానాల గదికి బిగించిన అద్దం తలుపు సందుల్లోంచి నీళ్ళు బయటికి కారుతున్నాయని ఒక పనివాణ్ణి పిలిపించాను. అతను పిడి ఉన్న గొట్టంలోంచి తెల్లటి సిలికాన్‌ను అద్దం అంచుల వెంట సన్నటి తీగలా పిండి, వేలితో నున్నగా రాసి, సాయంత్రం దాకా నీళ్ళు తగలనీయొద్దని చెప్పి వెళ్ళిపోయాడు. అతను వెళ్ళాక ఆ వాసన ఇల్లంతా పరుచుకుంది. పులిసిపోయిన చారు మూత తీసినప్పుడు ముక్కులో గుచ్చుకునే వాసన లాంటిదే గానీ, అందులో తిండి జాడ లేదు. మధ్యాహ్నం కంచం ముందు కూర్చున్నానే తప్ప ముద్ద దిగలేదు. ఆ వాసనను నేను మొట్టమొదట పీల్చింది ధర్మవరంలో, ఆరో తరగతి చదివే రోజుల్లో, మా నాయన నాలుగు చేపల కోసం మా ముందరింట్లో, అంటే ఇంటి ముందు గదిలో, గాజు తొట్టి అతికించినప్పుడు.

మాది నేత వీధి. ఆ వీధిలో పుట్టిన పిల్లలకు నిశ్శబ్దం అంటే ఏమిటో తెలియదు. పాలవాడి సైకిల్ గంట కంటే ముందే ఎవరింట్లోనో మగ్గం మీద పోగును మోసుకుని నాడె ఈ కొస నుంచి ఆ కొసకు ఉరికేది, దాని వెనకే అచ్చు పలక వచ్చి దడ్‌మని పోగును తట్టేది, ఆ చప్పుడును పక్కిల్లు అందుకునేది, ఆ పక్కిల్లు అందుకునేది, పొద్దు పొడిచేసరికి వీధి మొత్తం ఒకే గుండెతో కొట్టుకుంటున్నట్టు ఉండేది. ఆ చప్పుడులోనే ఎక్కాలు చదివాం, ఆ చప్పుడులోనే జ్వరాలొచ్చి పడుకున్నాం, అరుగుల మీద అచ్చనగాయలు ఎగరేస్తూ దాని లెక్కకే రాళ్ళు పట్టేవాళ్ళం. ఆషాఢంలో గాలి లేచి గడపల్లోంచి ఎర్రదుమ్ము లోపలికి వచ్చేటప్పుడు అమ్మ పట్టు మీద పాత చీరలు కప్పేది. కొత్త చెనిక్కాయలు, అంటే వేరుశనగలు, దిగే కాలంలో ఇంటింటా ఉడకబెట్టిన కాయల వాసన, పట్టుకు వేసిన గంజి వాసన కలిసిపోయి, ఏది తిండి వాసనో ఏది పని వాసనో తెలిసేది కాదు. ఉగాదికి ఓళిగలు, అంటే బొబ్బట్లు, చేస్తే మొదటిది దేవుడికి, రెండోది మగ్గానికి. ఆకులో పెట్టి మగ్గం దూలం మీద ఉంచితే, కాసేపయ్యాక దాన్ని నేను తినేదాన్ని.

మా ముందరింట్లో కిటికీ పక్కన నడుము లోతు గుంత ఉండేది. నాయన అందులోకి కాళ్ళు దించి, పలక మీద కూర్చుని, కింద కాళ్ళతో తొక్కుళ్ళు తొక్కుతూ పైన చేతులతో నేసేవాడు. గడప దగ్గర నుంచి చూస్తే నడుము పైభాగమే కనిపించేది. మా నాయనకు కాళ్ళు లేవని నేను పసితనంలో పక్కింటివాళ్ళతో చెప్పానట. ఆ మాట గుర్తు చేసి మా అవ్వ, అంటే నాయన తల్లి, వక్కాకు నములుతూ కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వేది. అమ్మ ఆ మూల రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. పెద్దగా మాట్లాడుకునేవాళ్ళు కాదు. మగ్గం ఆగితే అమ్మ తల ఎత్తి చూసేది, రాట్నం ఆగితే నాయన తల ఎత్తి చూసేవాడు.

చేపలు మా ఇంటికి పెనుకొండ దర్గా ఉరుసు నుంచి వచ్చాయి. ఉరుసంటే మా వైపు కులం మతం చూడకుండా అందరూ రైలెక్కి పోయేవాళ్ళు. ఆ ఏడు నాయన నన్నూ తీసుకుపోయాడు. మిఠాయి అంగళ్ళు, గాజుల అంగళ్ళు, సాంబ్రాణి పొగ, బూరల మోత దాటి వస్తుంటే ఒకచోట తాడుకు వేలాడగట్టిన నీళ్ళ కవర్లు కనిపించాయి. ఒక్కో కవర్లో చిన్న చిన్న చేపలు. దీపాల వెలుగులో అవి నిప్పుకణికలు ఊపిరి పీలుస్తున్నట్టు కదులుతుంటే నేను అక్కడే నిలబడిపోయాను. నాయన నా చెయ్యి లాగలేదు. తనూ నిలబడ్డాడు. రెండు నారింజ రంగువి, ఒక తెల్లది, ఒక నల్లది కొనిచ్చాడు. తిరుగు రైల్లో ఆ కవరును నా ఒళ్ళో పెట్టుకుని, కుదుపు వచ్చినప్పుడల్లా పైకెత్తుకుంటూ వచ్చాను.

వాటిని ఊరగాయ పెట్టుకునే పెద్ద గాజు భరణిలో పోసి, నాయన తన పక్కన కిటికీ గట్టు మీద పెట్టుకున్నాడు. నాకు కొనిచ్చిన చేపలు ఎప్పుడు ఆయనవైపోయాయో తెలియదు. పోగు తెగినప్పుడు, కండె మార్చేటప్పుడు, నడుము నొప్పికి వెనక్కి వాలినప్పుడు ఆయన చూపు భరణి మీదే ఉండేది.

"ఈ రంగు మన ఊర్లో ఏ అద్దకమాయప్ప అన్నా ఎయ్యగలడా పాపా? పొద్దస్తమానం నీళ్ళల్లోనే ఉండాది, రవ్వంతన్నా ఇడిసిందేమో సూడు" అనేవాడు.

బొరుగులు నలిపి పొడి చేసి వాటికి వేసేవాడు. నల్లదానికి అవ్వే కర్రోడని పేరు పెట్టింది. పేరు పెట్టింది గానీ మెచ్చుకోలేదు. "మనుషులు చేపల్ని తినేది సూసినా. మనుషులు చేపల్ని మేపేది ఈ ఇంట్లోనే సూస్తాండా" అని వచ్చేపోయేవాళ్ళకు చెప్పేది.

ఆ తర్వాత మరమగ్గాలు వచ్చాయి. వచ్చాయంటే ఒక్కరోజు రాలేదు. మొదట ఊరి బయట ఒక షెడ్డు వేశారట అన్నారు, తర్వాత ఇంకొకటి అన్నారు, తర్వాత మా వీధి కుర్రవాళ్ళే ఇద్దరు అక్కడ పనికి పోతున్నారన్నారు. నాయన వారాల తరబడి నేసే చీరను అక్కడ చూస్తుండగానే దించేస్తున్నారని, చూసేవాళ్ళకు తేడా తెలియదని చెప్పుకున్నారు. మాకు పట్టు, జరీ ఇచ్చి నేయించుకునే షావుకారు మొదట ఆలస్యం చేశాడు, తర్వాత "కొన్నాళ్ళు ఓపిక పట్టు రామాంజీ" అన్నాడు, తర్వాత నాయన పోతే అంగట్లో లేనని చెప్పించడం మొదలుపెట్టాడు. వీధిలో చప్పుళ్ళు ఒక్కొక్కటే తగ్గాయి. ఏ ఇంటి మగ్గం ఆగిందో మేము పడుకునే వినేవాళ్ళం. మా మగ్గం ఆగిన రోజు అమ్మ చుట్టడానికి ఏమీ లేకపోయినా రాట్నం ముందు కూర్చుంది.

ఎండాకాలంలో ఇద్దరు మనుషులు తోపుడు బండి తెచ్చి మగ్గాన్ని విప్పి తీసుకుపోయారు. హోటలు పొయ్యిలోకట. చెదపట్టాయని రెండు దూలాలు మాత్రం వదిలిపోయారు. గుంత మిగిలింది. దాన్ని పూడ్చేస్తానని నాయన అంటే అమ్మ అడ్డుపడింది.

"గుంత అట్లే ఉండనీ. రేపు మళ్ళా పని వస్తే?"

"వచ్చేదుంటే ఈపాటికి రాకుండా ఉంటాదా?" అన్నాడు నాయన.

ఎవరిదో కూలిన గోడ మన్ను తట్టలతో మోసుకొచ్చి పోశాడు. అవ్వ పసుపు కుంకుమ తెచ్చి అందులో చల్లి, ఏదో గొణుక్కుంటూ దండం పెట్టి పక్కకు తప్పుకుంది. ఇన్నేళ్ళూ కాళ్ళు దించుకుని కూర్చున్న చోటనే నిలబడి ఆయన ఆ మన్నును కాళ్ళతో తొక్కాడు. పైన కడప బండలు పరిపించాడు. ముందరిల్లు ఒక్కసారిగా పెద్దదైపోయింది. అంత పెద్ద గదిలో నాయన ఎక్కడ కూర్చోవాలో తెలియని మనిషయ్యాడు. కింద కూర్చుంటే కాళ్ళు ముడవడం ఆయనకు చేతనయ్యేది కాదు. ఒకసారి చాపుకునేవాడు, ఒకసారి మడుచుకునేవాడు, చివరికి లేచి గడపలో నిలబడేవాడు. గడ్డం గీసుకోవడం మానేశాడు. పలకరిస్తే తలూపేవాడు. రోజూ పొద్దున లేచి భరణిలో నీళ్ళు మార్చడం ఒక్కటే ఆయనకు మిగిలిన పని.

చేపలు ఈలోగా పెరిగాయి. ఉరుసులో నా చిటికెన వేలంత ఉన్నవి నా అరచెయ్యంత అయ్యాయి. భరణిలో అవి తిరగడానికి వీల్లేక ఒకదాన్నొకటి రాసుకునేవి. నీళ్ళు పొద్దున పోస్తే సాయంత్రానికి గంజిలా అయ్యేవి. నాలుగూ పైకి వచ్చి నోళ్ళు తెరిచి గాలి కోసం గుటకలు వేసేవి. ఒకరోజు నాయన వాటి ముందు చాలాసేపు కూర్చుని, ఎన్నాళ్ళకో నోరు విప్పి, "వీటికి ఈడ ఊపిరాడ్తాలేదు పాపా. పెద్ద తొట్టి కావల్ల" అన్నాడు.

మా అమ్మ తమ్ముడు గోపాలు మామ హిందూపురంలో అద్దాలు బిగించే పని చేసేవాడు. అక్కడ ఒక బట్టల అంగడిని కొత్తగా మారుస్తూ పాత షోకేసు అద్దాలు పీకి పారేస్తున్నారని, మందంగా మంచివి ఉన్నాయని, వచ్చి తీసుకుపొమ్మని మామ కబురు పంపాడు. ఆ రోజు నాయన గడ్డం గీసుకున్నాడు. ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు. అమ్మ గడపలో నిలబడి మేము వీధి మలుపు తిరిగేదాకా చూసింది. చేపల కోసం కాదు, ఆయన మళ్ళీ ఉతికిన చొక్కా తొడుక్కున్నాడని చూసిందని నాకిప్పుడు తెలుసు.

హిందూపురంలో అత్త ఒబ్బట్లు చేసింది. అవే మా ఓళిగలు, పేరే వేరు. నెయ్యి పోసి నాయన కంచంలో మళ్ళీ మళ్ళీ వేసింది. తిన్నాక మామ పెరట్లో అద్దాలు పరిచి, వజ్రపు మొన ఉన్న కలంతో గీత గీసి, కింద నుంచి చిన్నగా తట్టేవాడు. అద్దం ఆ గీత వెంట మాట విన్నట్టు విడిపోయేది. నాయన కొలతలు చెబుతున్నాడు. మగ్గం మీద కొలిచే అలవాటుతో జానలూ మూరలే చెప్పాడు. మామ నవ్వుకుంటూ వాటిని అంగుళాల్లోకి మార్చుకున్నాడు.

"సుమ్నే ఎందుకు కూసుంటావు బావా?" అన్నాడు మామ పని చేస్తూనే. ఊరికే అనడానికి సుమ్నే అనేవాడు, మామ మాటల్లో కన్నడం అట్లా కలిసిపోయేది. "మా ఈదిలో ఒకాయప్ప ఇంట్లోనే చేపల్ని పెంచి పిల్లలు తీసి అంగళ్ళకు ఇస్తాండాడు. బెంగులూరికి గూడా పోతాండాయి. నీకా ఓపికుండాది. నువ్వు సెయ్యలేవా?"

నాయన తర్వాతి అద్దానికి కొలత చెప్పాడు. కానీ తిరిగి వచ్చేటప్పుడు ఆ మాట ఆయనలో పనిచేస్తున్నట్టు నాకు తెలుస్తూనే ఉంది. అద్దాలను బొంతలో చుట్టి, గోనెసంచులు కట్టి, ప్యాసింజర్ రైల్లో ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని మోకాళ్ళ మధ్య నిలబెట్టి పట్టుకున్నాం. చెనిక్కాయల బుట్టతో ఎక్కిన ఒక ముసలాయన, "ఏమప్పా, ఇంతింత అద్దాలు! పెండ్లికూతురు యాడుండాది?" అని అడిగాడు. "నలుగురుండారు. ఇంట్లో నీళ్ళల్లో ఈదులాడతాండారు" అన్నాడు నాయన. పెట్టెలో అందరూ నవ్వారు. మా నాయన అంతమందిని నవ్వించగా నేను చూడడం అదే మొదలు, అదే చివర. పెనుకొండ కొండ వచ్చినప్పుడు బొంత తొలగిన చోట అద్దం అంచులోంచి చూశాను. కొండ ఆకుపచ్చగా, వానలు కురిసిన దేశంలో ఉన్నట్టు కనిపించింది.

తొట్టిని నాయన ముందరింట్లో పరిచిన గోనెసంచుల మీద అతికించాడు. మామ చూపించినట్టే అంచులు తుడిచి, సిలికాన్ పిండి, అద్దానికి అద్దం ఆనించి తాళ్ళతో బిగించాడు. ఆ ఘాటు వాసన రోజుల తరబడి ఇంట్లోంచి పోలేదు. సంగటి ముద్దలో అదే, నంజుకునే ఊరిబిండి పచ్చడిలో అదే. "ఈ కంపులో యాడ పండుకునేదిరా" అని అవ్వ అరుగు మీదే పడక వేసుకుంది. మగ్గం విప్పుకుపోయినవాళ్ళు వదిలిన రెండు దూలాలను చెదపట్టినంత మేర కోసేసి నాయన పీట చేశాడు. పీటను కిటికీ దగ్గర, తాను ఇన్నేళ్ళు కూర్చున్న చోటనే వేశాడు. ఒక వైపు కాళ్ళు గట్టినేల మీద, రెండో వైపు కాళ్ళు పూడ్చిన గుంత మీద. మేమెవరమూ ఆ సంగతి ఆలోచించలేదు. అమ్మ ఒకసారి మాత్రం అంది, "గోడకాడ పెడితే దావకు అడ్డం ఉండదు కదా" అని. "ఈడైతే పొద్దున్నే ఎండ పడతాది. రంగు కనపడతాది" అన్నాడు నాయన. అమ్మ పీటను చుట్టి వంటింట్లోకి పోయింది.

ఇక నీళ్ళు. ఆ ఏడు వానల్లేవు. కుళాయి ఎప్పుడొస్తుందో వదిలేవాడికే తెలియదు. బోరింగు దగ్గర బిందెలు వరసలో ఎండకు కాలిపోతుండేవి. తొట్టి నిండాలంటే మా ఇంటి కడవలన్నీ పోసినా చాలవు. "తాగేదానికి గుక్కెడు లేవు, చేపలకు తొట్టెడా?" అని అమ్మ మొదటిరోజు గట్టిగానే అరిచింది. నాయన ఖాళీ తొట్టి పక్కన కూర్చుని, లోపలి అద్దాన్ని గుడ్డతో తుడిచిందే తుడిచాడు. మర్నాడు పొద్దున నేను లేచేసరికి అమ్మ లేదు. బోరింగు దగ్గర నుంచి చంకలో ఒకటి, తల మీద ఒకటి బిందెలతో వచ్చి, తొట్టిలో పోసింది. మళ్ళీ పోయింది. అది చూసి పక్కింటామె ఒక కడవ తెచ్చింది. ఎదురింటివాళ్ళు ఒకటి తెచ్చారు. వాళ్ళ ఇళ్ళల్లోనూ మగ్గాలు ఆగాయి, వాళ్ళ కడవలూ సగమే ఉన్నాయి. అయినా సాయంత్రానికి మా తొట్టి నిండింది. వీధి అంతా కలిసి ఒక పనికిమాలిన పని చేసి అంత సంతోషపడడం తర్వాత నేనెప్పుడూ చూడలేదు.

మామ చెప్పినట్టే నీళ్ళను కొన్నాళ్ళు ఊరికే ఉంచి, ఒక ఆదివారం చేపలను మార్చాం. భరణిలోని నీళ్ళతో సహా వాటిని కవర్లోకి తీసి, నాయన ఆ కవరును తొట్టి నీళ్ళ మీద తేలేట్టు వదిలాడు. లోపలి నీళ్ళూ బయటి నీళ్ళూ ఒకే చల్లదనానికి రావాలట. కిటికీలో పిల్లల తలలు. అవ్వ కూడా అరుగు మీద నుంచి లోపలికి వచ్చింది. నాయన కవరు మూతి విప్పి, కాసిని కాసిని తొట్టి నీళ్ళు అందులోకి వదులుతూ, చివరికి దాన్ని మెల్లగా వంచాడు. నారింజవి రెండూ జారి బయటికి వచ్చాయి, తర్వాత తెల్లది. కర్రోడు మాత్రం కవరు మూలకు అతుక్కుని రానన్నాడు. నాయన వేలితో దాన్ని ముట్టుకోకుండా, నీళ్ళను మాత్రం దాని వైపు నెట్టాడు. అది వచ్చింది. నాలుగూ ఒక మూలకు చేరి బిక్కుబిక్కుమని నిలబడ్డాయి. కాసేపటికి తెల్లది ఆ మూల వదిలి, అడుగున పరిచిన ఏటి ఇసుక మీదుగా ఆ కొసదాకా ఈది వచ్చింది. మిగిలినవి దాని వెనక పడ్డాయి. రెక్కలు అంత పొడుగ్గా ఉంటాయని అప్పటిదాకా మాకు తెలియదు. భరణిలో అవి రెక్కలు విప్పిందే లేదు.

"సూడవ్వా, కర్రోడు ఎట్ల పరిగెత్తుతాండాడో!" అన్నాను.

"నా కొడుకు మొగం సూస్తాండా నేను" అంది అవ్వ.

ఆ తర్వాతి రోజులు మా ఇంట్లో మంచిరోజులు. ఎక్కువ రోజులు కావు. నాయన పొద్దున్నే లేచి తొట్టి ముందు కూర్చునేవాడు, కాళ్ళు చాపుకుని, ఇక వాటిని ఏం చేయాలన్న ఇబ్బంది లేకుండా. బడి నుంచి వస్తే నాతో మాట్లాడేవాడు. ఏది ఆడదో ఏది మగదో చూడడం, గుడ్లు పెడితే వేరే తొట్టిలోకి తీయడం, వాటికి ఏం మేత వేయాలో మామను అడగడం, ఇంకో తొట్టి కట్టడం, ఇట్లా. "పాపా, అంగడి పెడితే నీ పేరే పెడతా" అన్నాడొకసారి. అమ్మ నవ్వింది. కూరలో ఉప్పు ఎక్కువైందని నాయన అంటే, ఆ మాటకు కూడా నవ్వింది.

అప్పుడు వాన వచ్చింది. రెండేళ్ళ వాన ఒకేసారి వచ్చిందన్నారు. పిల్లలం తడుస్తూ ఎగిరాం, వీధిలో ఆడవాళ్ళు బిందెలన్నీ చూరు కింద పెట్టారు, అవ్వ అరుగు మీద కూర్చుని వానకు దండం పెట్టింది. గోడల పునాదుల్లోంచి నీళ్ళు దిగి, మా ముందరింట్లో కడప బండల సందుల్లో తేమ ఊరింది. అమ్మ గోనెసంచులు పరిచింది. గుంతలో పోసింది కూలిన గోడ మన్ను, గట్టిపడడానికి దానికి కాలం చాలలేదు.

మర్నాడు పగలు, వాన వెలిసి ఎండ కాస్తుండగా, నేను గడపలో కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తున్నాను. నాయన తొట్టి దగ్గరే ఉన్నాడు. బండ ఒకటి కిర్రుమంది. పీట గుంత వైపుకు, నీళ్ళలో పడవ ఒరిగినట్టు మెల్లగా ఒరిగింది. నాయన ఉరికి తొట్టిని రెండు చేతులతో పట్టుకున్నాడు. "యమ్మా! రా, పట్టుకో!" అని అరిచాడు. అమ్మను పిలిచాడో, అవ్వను పిలిచాడో. అమ్మ వంటింట్లోంచి వచ్చేలోపే ముందరి అద్దం మూల నుంచి మూలకు చిట్లింది. తొట్టెడు నీళ్ళు ఒక్కసారిగా గదిలోకి, గదిలోంచి నా ఒళ్ళో చెనిక్కాయల మీదుగా వీధిలోకి పోయాయి. నీళ్ళు పోయాక కూడా నాయన ఆ అద్దాన్ని వదల్లేదు. కుడి అరచెయ్యి వేళ్ళ మొదళ్ళ దగ్గర ఈ అంచు నుంచి ఆ అంచుకు తెగిపోయింది. ఆయన చేతి వైపు చూసుకోలేదు. "చేపలు పాపా, చేపలు" అన్నాడు.

కాలువలోంచి, బండల మీది నుంచి పిల్లలందరం వాటిని ఏరి బక్కెట్టులో వేశాం. అందులో ఉన్నవి వీధిలోకి వచ్చిన ట్యాంకరు పోసిన, క్లోరిన్ మందు కలిపిన నీళ్ళు. చూరు కింద పట్టిన వాన నీళ్ళు ఆ తొందరలో ఎవరికీ గుర్తు రాలేదు. నారింజవి రెండూ ఆ సాయంత్రమే పక్కకు తిరిగాయి. తెల్లది తర్వాత పోయింది. కర్రోడు భరణిలో కొన్నాళ్ళు ఉన్నాడు, ఒక రెక్క చిరిగి, మేత ముట్టకుండా. ఒక పొద్దున అమ్మ దాన్ని కొంగులో పెట్టుకుని తీసుకుపోయి వేపచెట్టు మొదట్లో పూడ్చి వచ్చి, భరణి కడిగి బోర్లించింది.

ఆసుపత్రిలో నాయన చేతికి కుట్లు వేశారు. గాయం మానింది. లోపలి నరాలు తెగాయని, వేళ్ళు మునుపటిలా ముడుచుకోవని చెప్పారు. బొటనవేలు, చూపుడువేలు మాత్రం పలికేవి. మిగతా మూడూ ఎప్పుడూ ఎవరినో ఆగమన్నట్టు చాచుకునే ఉండేవి. చేపలు లేవు, మగ్గం లేదు, ఇంక ఏముందని చివరికి మరమగ్గాల షెడ్డుకే పోయాడు. అక్కడ కూడా పోగు తెగితే ముడి వేయాలి. ముడి వేయడానికి మూడో వేలు కావాలి. వాళ్ళు మర్యాదగానే పంపించారు. మధ్యాహ్నానికి ఇంటికొచ్చి చొక్కా విప్పి చిలక్కొయ్యకు తగిలించి, "కుదరదంట" అన్నాడు. అంతే.

ఆ తర్వాత బెంగుళూరులో ఒక పెద్ద అపార్టుమెంటు గేటు దగ్గర కాపలాకు కుదిరాడు. పండగలకు వచ్చేవాడు. అవ్వ పోయినప్పుడు వచ్చాడు. ఇల్లు అమ్మేటప్పుడు వచ్చి, ఎడమచేత్తో సంతకం పెట్టి పోయాడు. కాలేజీలో ఉన్నప్పుడు నేనొకసారి ఆయన్ను చూడడానికి వెళ్ళాను. ఆ భవనం కింద, లోపలికి వెళ్ళే చోట, గోడంత పెద్ద గాజు తొట్టి ఉంది. బుడగలు, దీపాలు, రంగురాళ్ళు, పేర్లు తెలియని చేపలు. నాయన కుర్చీ దానికి వీపు చేసి గేటు వైపుకు వేసి ఉంది. "బాగున్నాయి నాయనా" అన్నాను, ఏదో ఒకటి అనాలని. ఆయన వెనక్కి తిరగలేదు. "తిన్యావా పాపా?" అని అడిగాడు. ఆయన పోయేదాకా మా మధ్య చేపల మాట మళ్ళీ రాలేదు. నాకు ఉద్యోగం వచ్చి, ఇక వచ్చేయమని అడుగుతున్న రోజుల్లోనే, దగ్గు ముదిరి ఆయన అక్కడే పోయాడు.

ఇప్పుడు మా వైపుకు కాలువ నీళ్ళు వచ్చాయి. ఎన్నడూ నిండని చెరువులు కూడా నిండుతున్నాయి. రోడ్డు పక్కన బతికున్న చేపలు తూకం వేసి అమ్ముతున్నారు. పెనుకొండలో మా కుళాయి దాదాపు రోజూ వస్తుంది. అమ్మ నా దగ్గరే ఉంటోంది. ఈ మధ్య ఒక పెళ్ళికి ధర్మవరం పోయినప్పుడు, మన వీధి చూసి పోదామని తనే అడిగింది. వీధి పేరు అదే. రెండు వైపులా మేడలు, మూసిన గేట్లు, గేట్ల మీద చీరల కంపెనీల పేర్లు. మధ్యాహ్నం పూట మేము నడుస్తుంటే మా చెప్పుల చప్పుడు మాకు వినిపించింది. ఏ ఇంట్లోనూ నాడె కదలడం లేదు. గుంతలన్నీ పూడ్చి పైన పాలరాయి వేసి ఉంటారు. కడవలు తెచ్చి పోసినవాళ్ళలో ఒకరు కూడా అక్కడ లేరు. కొందరు తాడిమర్రి వైపు కూలికి పోయారని, కొందరు బెంగుళూరు పోయారని, కొందరు మొత్తానికే పోయారని తెలిసింది. మా ఇంటి చోట మూడంతస్తుల గిడ్డంగి లేచింది. కాళ్ళు నొప్పిగా ఉన్నాయని అమ్మ దాని మెట్టు మీద కూర్చుంది.

లోపలి నుంచి, పై అంతస్తులో కాపురముండేవాళ్ళ కోడలు పిల్ల బయటికి వచ్చి, మమ్మల్ని చూసి, మర్యాదగానే అడిగింది. "ఎవురింటికొచ్చినారవ్వా?"

అమ్మ వీధి ఆ చివరిదాకా, ఈ చివరిదాకా చూసింది. ఆ వీధిలోకి పెళ్ళికూతురై వచ్చిన మనిషి, చెప్పడానికి ఒక్క పేరు కూడా దొరక్క కొంగు సర్దుకుని లేచింది.

"ఎవురింటికీ కాదమ్మా. పోతా పోతా కూసున్నాం" అంది.